అంబులెన్సు ముందు నా లారీ

కంభానికి ఇవతల ఉన్న ఒక పల్లెకు పోవలసిన అంబులెన్సు ఆ రోజు దారి తప్పి ఆలస్యంగా చేరింది. డ్రైవరు తాగి ఉన్నాడని కొందరు, నిద్రమత్తులో ఉన్నాడని కొందరు చెప్పుకున్నారు. బండిలో జీపీఎస్ వైరు పీకేసి ఎక్కడో చెట్టు నీడన పడుకున్నాడన్న మాట ఎక్కువగా తిరిగింది. మార్కాపురం టీ బంకుల దగ్గర ఇప్పటికీ ఆ మాట వినబడుతూనే ఉంది. అతను తాగలేదు, నిద్రపోలేదు, ఏ వైరూ పీకలేదు. అతని బండి దారి తప్పింది దాని ముందు పోతున్న ఒక లారీ వల్ల. ఆ లారీ నడిపింది నేను. ఈ సంగతి చెప్పవలసిన చోటల్లా చెప్పాను. చెప్పిన మాట చెప్పినంత దూరమే పోయింది, పుకారు మాత్రం ఇంకా ముందు పోతూనే ఉంది. అందుకే రాసి పెడుతున్నాను.

నేను సగం వయసు లారీ మీదే గడిపాను. మార్కాపురం ఫ్యాక్టరీల్లో కోసి, నున్నగా చేసిన పలకరాయి పెట్టెలను గిద్దలూరు మీదుగా, నల్లమల ఘాటు దాటించి నంద్యాల వైపు తీసుకుపోవడం నా పని. లారీ నాది కాదు. మార్కాపురంలో దుకాణం ఉన్న ఒక వ్యాపారిది. మేమంతా ఆయన్ను సేటు అనేవాళ్ళం. మనిషి చెడ్డవాడు కాదు. జీతం ఆపలేదు, తిట్టలేదు. కానీ లారీకి జీపీఎస్ పెట్టించిన రోజు నుంచి ఆయన కళ్ళు ఫోను మీదనే ఉండేవి. బండి ఎక్కడ ఆగినా ఫోను మోగేది.

"ఏందయ్యా, తర్లుపాడు కాడ నిలబెట్టినావు?"

"ఒంటికి పోను దిగినా సేటూ."

"ఇంతసేపా? కంభం చెరువు నింపుతున్నావా ఏంది?"

నవ్వుతూనే అనేవాడు. ఆ నవ్వు విన్న ప్రతిసారీ నా ఒళ్ళు చచ్చిపోయేది. మా పల్లె ఆ రోడ్డు పక్కనే ఉంది. అంతకుముందు మధ్యాహ్నం బండి ఆపి ఇంట్లో ఇంత ముద్ద తిని పోయేవాడిని. ఆదివారం డ్యూటీ పడితే చర్చిలో కాసేపు కూర్చుని ప్రార్థన చేసుకొని పోయేవాడిని. ఇప్పుడు అన్నం తింటుంటే ఫోను, పాట పాడుతుంటే ఫోను. మోకరించి కళ్ళు మూసుకున్నా జేబులో ఎప్పుడు మోగుతుందా అనే ఉండేది.

గిద్దలూరులో లారీలు ఆగే హోటలు దగ్గర నాతోటి డ్రైవరు ఒకడు నాకు ఒక చిన్న నల్లడబ్బా ఇచ్చాడు. ఫోను ఛార్జరు గుచ్చే చోట గుచ్చుకునేది, వేలెడంత యాంటెన్నా ఉంది.

"దీన్ని గుచ్చినావనుకో, నీ బండి యాడుందో దేవునికి తప్ప ఇంకెవురికీ తెలీదు," అన్నాడు.

"దేవునికి మాత్రం ఎట్ల తెలుస్తాది?"

"ఆయనది వేరే సిమ్ములే మామా."

డ్రైవర్లు దాన్ని మూత అనేవాళ్ళు. మూత పెడితే సేటు ఫోనులో లారీ చివరిసారి కనిపించిన చోటే నిలబడిపోయేది, లేకపోతే పూర్తిగా మాయమయ్యేది. అడిగితే ఘాటు రోడ్డులో సిగ్నలు ఉండదు గదా సేటూ అనేవాడిని. ఆయన నమ్మేవాడు. నల్లమలలో ఫోన్లు పనిచేయవన్నది అందరికీ తెలిసిందే. కొన్నాళ్ళకు నాకు దాని మీద భయం కూడా పోయింది. ప్రార్థన కోసం మొదలుపెట్టాను, తర్వాత చింతచెట్ల కింద నిద్ర కోసం కూడా వాడాను. తీసి లోపల పెట్టడం మానేశాను. బండి తాళం తిప్పగానే అదీ వెలిగేది, దాని పచ్చ లైటు నా మోకాలి దగ్గర మిణుకుమంటూ ఉండేది. అది నా లారీని ఒక్కదాన్నే దాచిపెడుతుందని అనుకున్నాను. సేటు కళ్ళల్లో తప్ప ఇంకెవరి కళ్ళల్లోనూ దుమ్ము కొడుతున్నానని నాకు తెలియదు.

మిరపకాయ కోతల కాలం. ఎండ అప్పుడే ముదిరింది. లోడుతో మార్కాపురంలో బయలుదేరి, మధ్యాహ్నం వేళ రైల్వే గేటు దగ్గర ఆగాను. గేటు పడి ఉంది. ముందు ఎవరూ లేరు. అద్దంలో చూస్తే వెనక రెండు ఆటోలు, వాటి వెనక అంబులెన్సు. పైన లైటు తిరుగుతోంది. ఆటోలవాళ్ళు పక్కకు జరిగితే అంబులెన్సు వచ్చి సరిగ్గా నా లారీ తోకకు ఆనుకొని నిలబడింది.

గూడ్సు పోయేదాకా అందరం అట్లనే ఉన్నాం. గేటు లేచాక నేను ఎడమకు తీసి దారి ఇద్దామనుకున్నాను. కానీ అక్కడ రోడ్డు వెడల్పు పనులు జరుగుతున్నాయి, పక్కన కంకర కుప్పలు పోసి ఉన్నాయి. రాతి లోడుతో దిగితే తిరగబడతాను. ముందు చూస్తే రోడ్డు నిండా గొర్రెలు, వాటి ముందు మిరపకాయ బస్తాల ట్రాక్టరు. అంబులెన్సు కూత ఎంత మోగినా గొర్రెలకు లెక్కలేదు.

ఇట్లాంటప్పుడు మా లారీలవాళ్ళకు ఒక అలవాటు ఉంది. అంబులెన్సుకు దారి ఇవ్వడం కుదరకపోతే, మేమే ముందు పరుగెత్తి దారి చేస్తాం. గాలి హారను మోగిస్తే ట్రాక్టరైనా, మందైనా దిగవలసిందే. చెయ్యి బయటపెట్టి 'నా వెంట రా' అని ఊపాను. అద్దంలో ఆ డ్రైవరు తల ఊపడం కనబడింది. ఇంక హారను మీద నుంచి చెయ్యి తీయలేదు.

గొర్రెలకాపరి నన్ను బండబూతులు తిడుతూ మందను కిందికి తోలాడు. ట్రాక్టరువాడు పొలంలోకి దించాడు. ఎదురొచ్చే బస్సుకు లైట్లు కొట్టి ఆపించాను. వెనక ఆ బండి నాకు అంటుకొని వస్తూనే ఉంది. ఎవరి ఇంట్లో ఏ కష్టమో, ప్రభువా కాపాడు అని పైకే అన్నాను. నిజంగానే అన్నాను. చాలా రోజులకు నేను మంచిపని చేస్తున్నానని నా గుండె నిండిపోయింది. మోకాలి దగ్గర పచ్చలైటు మిణుకుమంటూనే ఉంది.

మధ్యలో పల్లెల క్రాసులు వచ్చాయి, పోయాయి. ఏ క్రాసు దగ్గరా మనిషి లేడు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, మా దిక్కు పల్లెకు అంబులెన్సును పిలిస్తే, వెంటనే ఒక మనిషి తారురోడ్డు మీదికి ఎదురుపోయేవాడు. క్రాసు దగ్గర నిలబడి, దూరం నుంచి బండి కనబడగానే తువాలు ఊపేవాడు. కొన్నిసార్లు మోటారుసైకిలు మీద ఎదురొచ్చి, బండి ముందు పోతూ ఇంటిదాకా తీసుకుపోయేవాడు. ఫోనులో లొకేషన్ పంపడం వచ్చాక అది తగ్గిపోయింది. ఎండలో పోయి నిలబడటం ఎందుకు, బండే వెతుక్కుంటూ వస్తుంది గదా అన్నారు. ఆ రోజు ఏ క్రాసులోనైనా ఒక తువాలు ఊగి ఉంటే నేను చూసేవాడిని. నా కళ్ళు రోడ్డు మీదనే ఉన్నాయి.

కంభం దగ్గర పడ్డాక రోడ్డు వెడల్పయింది. పక్కకు తీసి చెయ్యి ఊపాను. అంబులెన్సు నన్ను దాటుతూ ఒక్కక్షణం నెమ్మదించింది. ఆ డ్రైవరు నా దిక్కు చూశాడు. ఏదో అడగబోతున్నట్టు నోరు తెరిచాడు. నేను దండం పెట్టి, పో పో అన్నట్టు ముందుకు చూపించాను. అతను పోయాడు.

నేను టీకి ఆగాను. గ్లాసు సగం తాగేసరికి ఆ అంబులెన్సే కూత వేసుకుంటూ వెనక్కి, మార్కాపురం వైపు పోయింది.

"అప్పుడే ఎక్కించుకున్నాడే! నేను దారి చేయబట్టి గదా," అన్నాను టీ బంకతనితో.

"నీకు పుణ్యమన్నా," అన్నాడతను.

తరవాతి ఆదివారం మా చర్చిలో పాస్టరుగారు, ఈ వారం దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. నేను లేచి నిలబడ్డాను. రైల్వే గేటు, గొర్రెలు, ట్రాక్టరు అన్నీ చెప్పాను. ఎవరో ముఖం తెలియని మనిషి ప్రాణాన్ని దేవుడు నా చేతుల మీద నిలబెట్టాడని చెప్పాను. జనం హల్లెలూయ అన్నారు. మా ఇంటామె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. బయటికి వచ్చాక ఒక పెద్దామె నా రెండు చేతులూ పట్టుకొని, "దీవెన గల చేతులు నాయనా ఇవి," అని కళ్ళకు అద్దుకుంది. ఆ చేతులను నేను ఎన్ని రోజులు గర్వంగా చూసుకున్నానో చెప్పలేను.

ఫ్యాక్టరీలో నా బండికి లోడు ఎత్తేవాళ్ళలో ఒకతను కొన్నాళ్ళుగా పనికి రావడం లేదు. నన్ను మామా అనేవాడు. తిరిగి కనబడిన రోజు ఎగతాళి చేశాను.

"ఏంది అల్లుడూ, పెండ్లాన్ని తీసుకోని ఊటీ పోయొచ్చినావా?"

"యాడి ఊటీ మామా. ఒంగోలు ఆస్పత్రి వరండాలో పండుకోని వచ్చినా. మా వదినకు పాము కరిచింది. మిరపకాయలు కోస్తా ఉంటే."

"అయ్యో. బతికిందా?"

"బతికింది. కుడిచేతి వేళ్ళు తీసేసినారు. విషం అట్లనే ఎక్కిపోయిందంట. అంబులెన్సు టయానికి వచ్చింటే వేళ్ళు కూడా దక్కేవి అన్నారు డాక్టర్లు."

"టయానికి రాలేదా?"

"వచ్చింది గాని మా క్రాసు దాటిపోయి, కంభం అవతలికి పోయి, తిరిగొచ్చింది. డ్రైవర్ను అడిగితే మ్యాపు పోయింది అంటాడు. మ్యాపు పోయేదానికి ఆకాశం ఏమన్నా ఊడి పడిందా మామా? వాళ్ళ ఆఫీసోళ్ళు చూస్తే ఆ కాసేపు బండి జాడే లేదంట. రైల్వే గేటు కాడ మాయమై, కంభం దాటినాక తేలింది. వైరు పీకకుండా ఎట్ల మాయమైతాది? మావోళ్ళు ఊరుకోలా. నాలుగు తగిలిచ్చినారు."

తాడు బిగిస్తున్న నా చెయ్యి ఆగిపోయింది. రైల్వే గేటు నుంచి కంభం దాకా. ఆ మాట తప్ప తరవాత అతను చెప్పినవేవీ సరిగ్గా వినబడలేదు. చివర్లో ఒక్కటి మాత్రం విన్నాను.

"మాదీ తప్పే మామా. క్రాసు కాడికి మనిషిని పంపలా. లొకేషన్ పెట్టినాం గదా అనుకున్నాం. ఫోన్ చేద్దామని ఆ డ్రైవరు చూసినాడంట, మా ఫోన్లన్నీ బిజీ. అందురూ బంధువులకు చెప్పుకుంటా కూచున్నారు."

ఆ లోడుతో కంభం దాకా పోయి, రోడ్డు పక్క బండి ఆపాను. దారులన్నీ తెలిసినవాడిని కాబట్టి నేను ఎప్పుడూ ఫోనులో మ్యాపు తెరిచి చూడలేదు. ఆ రోజు తెరిచాను. మూత తీసేసి చూస్తే నీలిచుక్క నేనున్న చోటే బుద్ధిగా నిలబడి ఉంది. మూత గుచ్చాను. చుక్క కాసేపు అట్లనే ఉంది, తరవాత రంగు వెలిసినట్టయింది. కళ్ళముందే కదిలి, పొలాల మీదుగా పోయి కంభం చెరువు నడిమధ్యలో ఆగింది. నేను నేల మీద ఉన్నాను, ఫోను నన్ను నీళ్ళల్లో చూపిస్తోంది. బండిని అట్లనే వదిలి, ఫోను పట్టుకొని నడిచాను. హోటలు దాటాను. పెట్రోలు బంకు దాటాను. చుక్క ఇంకా చెరువులోనే ఉంది. వెనక్కి చూస్తే నా లారీ అగ్గిపెట్టంత కనబడుతోంది. అంత దూరం దాకా ఆ డబ్బా చెయ్యి సాగుతోందని అప్పుడు తెలిసింది.

అప్పటిదాకా నా వెనక నడిచిన బండ్లన్నీ గుర్తుకొచ్చాయి. బస్సులు, మందుల వ్యాన్లు, ఊరు తెలియక మ్యాపు పెట్టుకొని పోయే కార్లు. ఎవరెవరు ఏ మలుపు తప్పారో నాకు ఎప్పటికీ తెలియదు. ఆ అంబులెన్సును అయితే నేనే నా తోకకు కట్టుకొని, గేటు నుంచి కంభం దాకా మూత కింద పెట్టి తీసుకుపోయాను. దారి ఇవ్వకుండా మొండిగా పోయినా ఆటోలను దాటినట్టే ఎక్కడో ఒకచోట నన్నూ దాటేసేవాడు. మంచి చేయబోయి వదలకుండా పట్టుకున్నాను.

మూత తీసి పనిముట్ల పెట్టెలో పడేశాను. కంభం చెరువులోనే విసిరేద్దామనిపించింది. ఎందుకో చేతులు రాలేదు.

వెంటనే పోయి చెప్పానా అంటే, లేదు. ఇది రాయడం నాకు అన్నిటికన్నా కష్టంగా ఉంది. ఇంట్లో చెబితే మా ఇంటామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "పోలీసోళ్ళు పట్టుకుపోతే మా గతేంది? ఆ డ్రైవరుకు ఇంకో ఉద్యోగం దొరకదా?" అంది. నేనూ ఆ మాటే పట్టుకొని కూర్చున్నాను. రోడ్డు మీద కూత వినబడితే బండి పక్కకు తీసి ఆపేసేవాడిని. సేటు ఫోను చేస్తే ఉలిక్కిపడేవాడిని. చర్చికి పోవడం మానేశాను. ఎందుకు రావడం లేదని అడగడానికి పాస్టరుగారు ఇంటికి వస్తే పెరట్లోకి పోయి నిలబడ్డాను.

ఒకరోజు లోడు ఎత్తుతూ అల్లుడు సంతోషంగా ఒక కబురు చెప్పాడు.

"విన్నావా మామా, ఆ డ్రైవరు పని అయిపోయిందంట. విచారణ ఆఖరుకొచ్చింది. ఇంక యాడా స్టీరింగు పట్టకుండా చేస్తారంట. మావోళ్ళు కూడా సంతకాలు పెట్టి ఇచ్చినారు."

ఆ రోజు నేను లోడు తీసుకుపోలేదు. కడుపునొప్పి అని సేటుకు చెప్పి, పనిముట్ల పెట్టెలోని డబ్బాను సంచిలో వేసుకొని పొదిలి బస్సు ఎక్కాను. ఆ డ్రైవరుది పొదిలి. మా దిక్కుకు బదిలీ మీద కొత్తగా వచ్చాడని, సస్పెండు చేశాక ఇంటికి పోయి భార్య నడిపే టిఫిను బండి దగ్గర పనిచేస్తున్నాడని అప్పటికే విని ఉన్నాను. బస్టాండు దగ్గర అడిగితే చూపించారు. అతను గ్లాసులు కడుగుతున్నాడు. కనుబొమ మీద కుట్లు మానిన గీత ఉంది. భార్య పొయ్యి దగ్గర బోండాలు తీస్తోంది.

"ఏం గావాల అన్నా?" అన్నాడు.

"తమ్ముడూ, నేను ఆ రోజు నీ ముందు పోయిన లారీ డ్రైవర్ని."

అతని చేతిలో గ్లాసు అట్లనే ఉంది. నన్ను కిందికీ పైకీ చూశాడు. తరవాత అతని ముఖం వెలిగింది.

"నువ్వున్నావా అన్నా! నిజంగా ఉన్నావా! లారీ ఉన్నింది, ఉన్నింది అని ఎంతమందికి చెప్పినా! ఒక్కరు నమ్మితే ఒట్టు. మే, ఇట్ల రా, నేను చెప్పలా? ఇదిగో, ఆ లారీ అన్న!"

భార్య జల్లిగరిటె పట్టుకొనే వచ్చింది.

"మ్యాపు పోయింది అన్నా," అన్నాడు అతను. "గేటు కాడ నిలబడినప్పుడే చుక్క ఆగిపోయింది. నాకు ఆ దారి కొత్త. ఏం చెయ్యాలా అని చూస్తా ఉంటే, నువ్వు చెయ్యి బయటపెట్టి రమ్మంటివి. పల్లెవాళ్ళు ఎదురు పంపిన బండి అనుకున్నా. ఎదురొచ్చినోళ్ళు అట్లనే గదా హారను కొట్టుకుంటా ముందు పోయేది. మ్యాపు పోతే పోయింది, దేవుడు మనిషిని పంపినాడు అని నీ ఎంటే వచ్చేసినా. కంభం కాడ నువ్వు పక్కకు తీసి పో పో అంటివి. అప్పుడు అనుమానం వచ్చింది. కొంచెం దూరం పోయినాక చుక్క తిరిగొచ్చింది. చూస్తే క్రాసు యాడనో వెనక ఉంది."

నేను అతన్ని తోకకు కట్టుకొని పోయానని తెలుసు. అతను నన్ను నమ్మి వచ్చాడని మాత్రం ఆ నిమిషం దాకా తెలియదు. అక్కడే టిఫిను బండి బల్ల మీద కూర్చుండిపోయాను. డబ్బా సంగతి మొత్తం చెప్పాను. సేటు, ప్రార్థన, నిద్ర, పచ్చలైటు, చెరువులోకి పోయిన చుక్క. చెబుతున్నకొద్దీ అతని ముఖంలో వెలుగు పోయింది. కడిగిన గ్లాసునే మళ్ళీ కడుగుతున్నాడు.

అతని భార్య అడిగింది.

"ఎప్పుడు తెలిసింది అన్నా నీకు?"

అబద్ధం చెప్పలేకపోయాను. "చానా రోజులయింది చెల్లెమ్మా."

"మరి ఇన్ని రోజులు యాడున్నావు? ఈయన్ను ఆ పల్లెవాళ్ళు కొడతా ఉంటే నేను ఫోన్లో వింటా ఉన్నా. మా బిడ్డను బళ్ళో తాగుబోతోని కూతురు అంటున్నారు. ఇన్ని రోజులు ఏ హోటల్లో బువ్వ తింటా ఉన్నావు నువ్వు?"

"ఊరుకో మే," అన్నాడు అతను.

"ఎందుకు ఊరుకోవాల? నువ్వు ఊరుకున్నావు, ఏమొచ్చింది?"

రేపే మీ ఆఫీసుకు పోదాం, ఇదంతా అక్కడా చెబుతాను అన్నాను.

మర్నాడు ముగ్గురం ఒంగోలులో అతని ఆఫీసుకు పోయాం. విచారణ చేస్తున్న అధికారి నా మాట మొదట నమ్మలేదు, వీళ్ళిద్దరూ కలిసి ఎవర్నో తెచ్చుకున్నారన్నట్టు చూశాడు. సంచిలో నుంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టాను. బండ్ల జీపీఎస్‌లు చూసుకునే ఇంజనీరును పిలిపించారు. అతను దాన్ని తీసుకుపోయి, ఆవరణలో ఆగి ఉన్న ఒక బండిలో కాసేపు మాత్రం గుచ్చి తీశాడు. లోపల తెరమీద ఆవరణలో ఉన్న బండ్లన్నీ ఒకదాని వెనక ఒకటి మాయమయ్యాయి.

నాకు అర్థమయ్యేటట్టు ఆ ఇంజనీరే చెప్పాడు. "పైన శాటిలైట్లు ఎంత దూరంలో ఉన్నాయో తెలుసా పెద్దాయనా? అక్కడ నుంచి ఇక్కడికి వచ్చేసరికి ఆ సిగ్నలు మిణుగురు పురుగు వెలుతురంత ఉంటాది. నువ్వు దాని పక్కన లారీ హెడ్లైటు వేసినావు. ఇంక పురుగు యాడ కనబడతాది?" ఒకప్పుడు ఓడలకూ విమానాలకూ దారి చూపే టవర్లు నేల మీదనే ఉండేవని, వాటి సిగ్నలు గట్టిదని, దాన్ని ఇంత చిన్న డబ్బాతో ముయ్యడం కుదరదని కూడా చెప్పాడు. శాటిలైట్లు వచ్చాక ఇంక ఇవెందుకని చాలా దేశాల్లో తీసేశారట. ఇప్పుడు ఇట్లాంటి డబ్బాలకు భయపడి మళ్ళీ కావాలనుకునేవాళ్ళు ఉన్నారట. నాకు ఆ టవర్ల సంగతి తెలియదు. ఖాళీ క్రాసులు ఒకదాని వెనక ఒకటి పోవడమే కళ్ళముందు కదిలింది.

డబ్బాను పోలీసులు తీసుకున్నారు. అది దగ్గర పెట్టుకోవడమే నేరమని అప్పుడు తెలిసింది. కేసు నడుస్తోంది, వాయిదాలకు పోయి వస్తున్నాను. సేటు లారీ తాళాలు అడిగి తీసుకున్నాడు. "ప్రార్థనకు పోతా సేటూ అని ఒక్క మాట అడిగింటే నేను వద్దంటినా?" అన్నాడు. అనేవాడేమో, అనేవాడు కాదేమో. నేను అడగలేదు కాబట్టి తెలియదు. ఇప్పుడు ఒక ఇటుకల బట్టీలో ట్రాక్టరు నడుపుతున్నాను.

మా చర్చిలో లేచి నిలబడి, మునుపు చెప్పిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకున్నాను. ఈసారి ఎవరూ హల్లెలూయ అనలేదు. పాస్టరుగారు నన్ను ఆ పల్లెకు కూడా తీసుకుపోయారు. అల్లుడు నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు, అప్పటి నుంచి మామా అని పిలవలేదు. అతని వదిన అరుగు మీద కూర్చొని ఎడమచేత్తో చింతపండు గింజలు తీస్తోంది. కుడిచేతిని కొంగులో దాచుకుంది. నేను చెప్పిందంతా విన్నది.

"నువ్వు చెప్తే నా వేళ్ళు మొలుస్తాయా నాయనా?" అంది. ఒక గింజ తీసి పక్కన వేసి, "ఆ పిల్లోన్ని మావోళ్ళు కొడతా ఉంటే నేను బండిలో పండుకోని చూస్తా ఉన్నా. నోరు పెగల్లా. కొట్టేది ఆపితే ఇంకా బిరబిరా పోవచ్చు గదా అని లోపల అనుకుంటా ఉన్నా," అంది.

ఆ పల్లె పెద్దలు తాము ఇచ్చిన కాగితాన్ని వెనక్కి తీసుకున్నారు, అందరూ కాదు. ఒకరిద్దరు మాత్రం లారీ డ్రైవరు, అంబులెన్సు డ్రైవరు ఒకటే జాతి, కూడబలుక్కున్నారని ఇప్పటికీ అంటున్నారు. క్రాసు దగ్గర మాత్రం పల్లె పేరు రాసి, బాణం గుర్తు వేసి ఒక బండ పాతారు. ఇంక ఎవరు అంబులెన్సుకు ఫోన్ చేసినా, లొకేషన్ పంపినా పంపకపోయినా, ఒక మనిషి ఎదురుపోవాలని వాళ్ళ చర్చిలో చెప్పుకున్నారు. ఎన్నాళ్ళు పోతారో చూడాలి.

విచారణ తెగడానికి చాలా కాలం పట్టింది. నేను పొదిలికి ఫోన్ చేస్తూనే ఉన్నాను. అతను ఎత్తేవాడు కాదు. భార్య ఎత్తి, ఇంకా ఏం తేలలేదని పెట్టేసేది. పోయిన వారం చేసినప్పుడు పెట్టేయలేదు.

"డ్యూటీలోకి తీసుకున్నారన్నా. చీరాల దిక్కు వేసినారు. పోయి వారమయింది."

"సంతోషం చెల్లెమ్మా. దేవునికి స్తోత్రం."

"ఏం సంతోషమన్నా. ఆయన ఇప్పుడు మ్యాపును నమ్మడు. దారి చూపిస్తామని ఎవురన్నా ముందు పోతే వాళ్ళనూ నమ్మడు. ప్రతి మలుపు కాడా బండి ఆపి, దిగి, ఇద్దర్ని అడిగిందాకా కదలడంట. బండిలో ఆయన పక్కన డ్యూటీ చేసే అబ్బాయి నాకు ఫోన్ చేసి చెప్పినాడు, వదినా, అన్నకు నువ్వన్నా చెప్పు, ఇట్లయితే పేషెంటు కాడికి ఎప్పుడు పోతాం అని. లేటయిందని మళ్ళా ఎవురు చెయ్యి చేసుకుంటారో అని నాకు బువ్వ పోవడంలా."

నేను ఏదో చెప్పబోయాను.

"వద్దన్నా. నువ్వు ఏం చెప్పొద్దు. ఫోన్ మోగితే చాలు, ఆయనకేమైందో అని గుండె జారిపోతా ఉంది నాకు. నువ్వు మాత్రం ఇంక చెయ్యొద్దు," అని పెట్టేసింది.

మళ్ళీ చేయలేదు.